మారుతి 800 వైపర్ మోటార్ మార్పిడి: వేపచెట్టు కింద బండి డైరీ

బండి 1999 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి, నాన్నది. తెనాలిలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది (ఈ వేపచెట్టు గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత వస్తుంది). 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి కొత్త సామాను ఊళ్లో అడిగితే దొరకడం కష్టమవుతోంది. ఎవరికైనా ఇదే పని తగిలితే నేను చేసిన తప్పులు మళ్లీ చేయకూడదని రాస్తున్నా. ఖర్చు, టైమ్ ప్రతి దశ చివర కలుపుకుంటూ వెళ్తాను.

దశ 1: జూన్ 15, శనివారం. విప్పకముందు కొలతలు

వైపర్ లో (తక్కువ) స్పీడులో నిమిషానికి 22 సార్లు వెళ్లొస్తోంది. హైలో పెడితే 26, అంటే రెండింటికీ పెద్ద తేడా లేదు. ఒక్కోసారి అద్దం మధ్యలో ఆగిపోయి, చేత్తో కొంచెం నెడితేనే కదులుతోంది. మొన్న రాత్రి దుగ్గిరాల దాటాక వానలో అలాగే ఆగిపోతే నాన్న బండి పక్కన ఆపుకుని ముప్పావుగంట కూర్చున్నారు. ఎదురుగా లారీ లైట్లు, పక్కనే కాలవ. అది విన్నాక ఇక వాయిదా వెయ్యలేదు.

చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తకుండానే "మోటార్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. మోటార్ పోయిన మాట నిజమే, కానీ అది సగం నిజం అని తర్వాత తెలిసింది.

మల్టీమీటర్ తీసుకుని, అద్దం తడిపి, ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి, వైపర్ లో స్పీడులో తిరుగుతుండగా కొలిచాను. వైపర్ ఆపి కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, కరెంటు పారుతున్నప్పుడే అసలు లోపం బయటపడుతుంది.

1. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య: 12.2 వోల్టులు.
2. మోటార్ కనెక్టర్ వెనక నుంచి గుండుసూదులు దూర్చి, ప్లస్‌కీ ఎర్త్‌కీ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) మధ్య: 9.1.
3. బ్యాటరీ ప్లస్ నుంచి మోటార్ ప్లస్ దాకా: 0.9.
4. మోటార్ ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా: 2.2.

మూడు, నాలుగు కలిపితే 3.1. మోటారుకి చేరకుండా దారిలోనే పోతున్న వోల్టులు సరిగ్గా అన్నే. అందులో ఎక్కువ భాగం ఎర్త్‌లోనే పోతోంది. నా బండిలో మోటార్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది, అంటే బాడీకి ఇనుము ఇనుముతో తగలదు, ఆ ఒక్క ఎర్త్ వైరే దానికి దిక్కు. ఆ వైరు బాడీకి బిగించిన చోట బోల్టు తీస్తే వాషర్ కింద ఎర్రగా తుప్పు పొడి. ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాను. నాలుగో కొలత 2.2 నుంచి 0.15కి దిగింది, మోటార్ దగ్గర 11.1 వోల్టులు వచ్చాయి.

కానీ వైపర్ 22 నుంచి 27కి మాత్రమే పెరిగింది. రెండు వోల్టులు అదనంగా ఇచ్చినా అంతే కదిలిందంటే దాన్ని ఇంకేదో పట్టుకుంటోంది. ఫ్యూజ్ తీసి, ఆ స్థానంలో మల్టీమీటర్‌ని 10 యాంపియర్ల సాకెట్‌లో పెట్టి చూస్తే 7.8 చూపించింది. ఇంత చిన్న వైపర్లకు ఇది చాలా ఎక్కువ. (ఇలా కొలిచేటప్పుడు కొన్ని సెకన్లే ఉంచండి, చవక మీటర్లు చాలావాటిలో ఈ సాకెట్‌కి లోపల ఫ్యూజ్ ఉండదు.)

ఇప్పటిదాకా: ఉప్పు కాగితాలు రూ. 20. మొత్తం రూ. 20, 2 గంటలు.

దశ 2: జూన్ 16, ఆదివారం. బిగుసుకుపోయిన స్పిండిల్

మోటార్ తప్పా, అది లాగుతున్న బరువు తప్పా తేల్చాలంటే రెండింటినీ విడదీయాలి.

1. వైపర్లు ఆగే చోట అద్దం మీద టేపు అంటించి గుర్తు పెట్టాను.
2. అద్దం మీద దుప్పటి మడతపెట్టి వేశాను. బ్లేడు లేని చెయ్యి స్ప్రింగు దెబ్బకి అద్దం మీద పడితే అద్దం పగులుతుంది.
3. వైపర్ చేతుల నట్లు విప్పాను. చేతులు పళ్లలో పట్టేసుకుని రాలేదు. స్క్రూడ్రైవర్‌తో తన్నిపెట్టి ఎత్తబోతే కింద రేకు నొక్కుకుపోయింది, పెయింట్ లేచింది. అలా చేయకండి. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, చేతిని నిలబెట్టి అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే రెండోది దానంతటదే వచ్చింది.
4. అద్దం కింద ఉండే నల్ల జాలీ తీశాను.

జాలీ కింద చూస్తే రెండు దోసిళ్ల వేపాకు. పైన ఎండినట్టే ఉంది, కింద నల్లటి ముద్ద. వేలు పెడితే తేయాకు పిప్పిలాగా జారుతోంది. నీళ్లు పోవాల్సిన బెజ్జం పూర్తిగా మూసుకుపోయి, ఎన్ని వానాకాలాల నుంచో తెలియదు, అక్కడ నీళ్లు నిలబడి స్పిండిళ్లు (వైపర్ చేతుల్ని తిప్పే ఇరుసులు), లింక్ రాడ్లు (మోటార్ కదలికని వాటికి అందించే కడ్డీలు) నానుతూనే ఉన్నాయి. అసలు రోగం ఇక్కడుంది.

లింక్ రాడ్డుని మోటార్ క్రాంకు (మోటార్ షాఫ్టు మీద ఉండే పొట్టి చెయ్యి) నుంచి ఊడదీశాను. గుండ్రటి బాల్ జాయింటు, వెడల్పు స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే టక్కుమని వస్తుంది. ఇప్పుడు వైపర్ చెయ్యి ఒక్కటే స్పిండిల్‌కి తగిలించి, ఊళ్లకు వెళ్లేటప్పుడు సామాను తూచుకునే కొక్కెం త్రాసుతో చేతి కొసని లాగి చూశాను.

డ్రైవర్ వైపు: 600 గ్రాములకు కదిలింది.
పక్క సీటు వైపు: 1 కిలో 800 గ్రాములు.

వేలితో నెడితే తిరగాల్సిన వస్తువుకి దాదాపు రెండు కిలోల బలం కావాలి! మోటార్ ఇన్నేళ్లూ దీన్నే మోస్తూ వచ్చింది.

పై సర్క్లిప్ (స్పిండిల్ జారిపోకుండా పట్టే రింగు క్లిప్) తీసి, స్పిండిల్‌ని కిందికి తట్టి బయటికి లాగాను. పక్క సీటు వైపు స్పిండిల్ మీద తుప్పు బెరడులా కట్టింది. స్ప్రే కొట్టి, 600 నంబర్ ఉప్పు కాగితాన్ని నూనెలో తడిపి, షాఫ్టు చుట్టూ తిప్పి రుద్దాను. అటూ ఇటూ నిలువుగా కాదు, చుట్టూరా. లోపలి గొట్టంలోకి కాగితాన్ని చుట్టి పెన్సిల్‌కి కట్టి తిప్పాను. కొత్త రబ్బరు రింగులు, కొత్త సర్క్లిప్‌లు వేసి, నిండా గ్రీజు పెట్టి బిగించాను. మళ్లీ త్రాసు: డ్రైవర్ వైపు 150 గ్రాములు, పక్క వైపు 200.

ఇదే రోజు ఒక పెద్ద తప్పు చేశాను. మోటార్ బయట పెట్టి ఒంటరిగా తిప్పి చూద్దామని క్రాంకు నట్టు విప్పాను. క్రాంకుని ఇంకో స్పానర్‌తో పట్టుకోలేదు. మోటార్ లోపల పళ్ల చక్రం నైలాన్‌ది, దాన్ని తిప్పే వార్మ్ (మరలాంటి గేరు) ఇనుముది. బయటి నుంచి షాఫ్టుని తిప్పితే వార్మ్ కదలదు, కాబట్టి మనం స్పానర్ మీద వేసే బలమంతా ఆ నైలాన్ పళ్ల మీదే పడుతుంది. నట్టు వదిలేటప్పుడు లోపల చిన్నగా పటుక్కుమంది. అప్పుడు పట్టించుకోలేదు.

ఇప్పటిదాకా: స్ప్రే 220, గ్రీజు 80, రింగులు, క్లిప్‌లు 30. మొత్తం రూ. 350, 6 గంటలు.

దశ 3: జూన్ 22, 23. పాత మోటార్‌ని బాగుచేసే ప్రయత్నం (ఫలించలేదు)

అన్నీ బిగించి చూస్తే 34 సార్లు వెళ్లొచ్చింది. సంతోషం ఐదు నిమిషాలే. మోటార్ చెయ్యి పెట్టలేనంత కాలింది, ఆగిపోయింది. అంటే బరువు తగ్గినా మోటార్ అప్పటికే దెబ్బతింది.

మూడు బోల్టులు (10 నంబర్ టీ స్పానర్) తీసి మోటార్ దించి విప్పాను. లోపల బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) మూడు ఉంటాయి. ఒకటి ఎర్త్‌ది, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది లో స్పీడ్‌ది, కాస్త పక్కకి జరిగి ఉన్నది హై స్పీడ్‌ది. లో స్పీడ్ బ్రష్ 4 మిల్లీమీటర్లు మిగిలింది, హైది 8 ఉంది. నాన్న ఎప్పుడూ లోలోనే వాడతారు కాబట్టి అదే అరిగింది. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనుకునే రాగి ముక్కల డోలు) మీద బ్రష్ నడిచిన చోట గాడి పడి, రాగి ముక్కల సందుల్లో కార్బన్ పొడి మేట వేసింది.

1. మోటార్ వైండింగ్ షాపులో దగ్గరి సైజు బ్రష్‌లు కొన్నాను. కొంచెం లావుగా ఉంటే ఉప్పు కాగితం మీద రుద్ది, గూట్లో జారేలా చేశాను.
2. పాత బ్రష్ తీగ కోసి, కొత్తది టంకం పెట్టాను.
3. కమ్యుటేటర్‌ని సన్న కాగితంతో రుద్ది, సందుల్ని సూదితో గీకి, గుడ్డతో తుడిచాను.
4. బ్రష్‌ల వెనక స్ప్రింగులు ఎగిరిపోకుండా దారంతో కట్టి, ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) దూర్చాక దారం లాగేశాను. ఈ దారం చిట్కా లేకపోతే మూడు చేతులు కావాలి.

బ్యాటరీకి పెడితే చక్కగా తిరిగింది, లోడు లేకుండా 1.5 యాంపియర్లు. బండికి బిగిస్తే మాత్రం ప్రతి చుట్టులో ఒక చోట కట్ కట్‌మని జారుతోంది. గేరు మూత తెరిచి గట్టిపడి మైనంలా అయిన పాత గ్రీజుని చెంచాతో తీస్తే, నైలాన్ చక్రం మీద రెండు పళ్లు మొదటికంటా చిట్లి ఉన్నాయి. పోయిన ఆదివారం విన్న పటుక్కు ఇదే. పళ్లు ముందే బలహీనపడి ఉండొచ్చు, కానీ క్రాంకుని పట్టుకుని నట్టు విప్పి ఉంటే ఈ మోటారుతోనే పని అయిపోయేదని నాకు అనిపిస్తోంది. ఆ చక్రం విడిగా నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పటిదాకా: బ్రష్‌లు 60. మొత్తం రూ. 410, 9 గంటలు.

దశ 4: జూన్ 29, శనివారం. విజయవాడ ఆటోనగర్

సెకండ్‌హ్యాండ్ మోటార్ వెతకడానికి, పాత మోటార్ సంచిలో వేసుకుని, చిన్న మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లాను. పాత సామాను కొనేటప్పుడు మీ పాత వస్తువు చేతిలో ఉండటం చాలా ముఖ్యం. ఫోన్లో ఫోటో చూపిస్తే "అదే ఇది" అంటారు, పక్కన పెట్టి చూస్తేనే బోల్టు బెజ్జాలు, షాఫ్టు పళ్లు కలుస్తాయో లేదో తెలుస్తుంది.

మూడో షాపులో దొరికింది. షాపాయన పెద్దాయన, మోటార్ తుడిచి బల్ల మీద పెట్టి, పక్కనున్న బ్యాటరీ చూపించి, "ముందు పెట్టి చూసుకో బాబూ, డబ్బులు తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. నేను చూసుకున్నవి ఇవి:

1. షాఫ్టుని వేళ్లతో పైకీ పక్కకీ ఊపితే ఆట ఉండకూడదు.
2. బ్యాటరీకి పెట్టి రెండు స్పీడులూ వేరువేరుగా. హైలో తేడా చెవికి తెలియాలి.
3. లోడు లేకుండా కరెంటు: 1.3 యాంపియర్లు వచ్చింది.
4. రెండు నిమిషాలు తిప్పి చెయ్యి పెట్టి చూడటం. గోరువెచ్చగా ఉంది.
5. గేరు మూత తెరిపించి పళ్లు చూడటం. అడగడానికి మొహమాటపడ్డాను గానీ ఆయనే స్క్రూడ్రైవర్ ఇచ్చారు. పళ్లన్నీ ఉన్నాయి.

"బాబాయ్, కనెక్టర్ వేరేగా ఉందే?" అంటే, "వైర్లు అయిదే కదా, పాతదాని తోక కోసి దీనికి కలుపు. రంగులు నమ్మకు, మీటరు పెట్టి చూసి కలుపు" అన్నారు. 1200 చెప్పి 900కి ఇచ్చారు.

ఇప్పటిదాకా: మోటార్ 900, రానుపోను ఛార్జీలు 100. మొత్తం రూ. 1410, 14 గంటలు.

దశ 5: జూన్ 30, ఆదివారం. మూడు ఫ్యూజులు

ఆయన చెప్పింది విని కూడా మొదట రంగుల్ని బట్టే కలిపాను, రెండింటిలోనూ దాదాపు ఒకే రంగులు కనిపించాయి కాబట్టి. కీ తిప్పగానే ఫ్యూజ్ పోయింది. ఇంకోటి వేశాను, అదీ పోయింది. మోటార్ షాఫ్టు కాస్త తిరిగి ఉన్నప్పుడు మూడోది వేస్తే మోటార్ సగం చుట్టు తిరిగి, అప్పుడు పోయింది. ఆ మూడో ఫ్యూజే దారి చూపించింది.

ఈ అయిదు వైర్ల పని తెలిస్తే ఎందుకు పోయిందో అర్థమవుతుంది. ఒకటి ఎర్త్, ఒకటి లో బ్రష్, ఒకటి హై బ్రష్. మిగిలిన రెండూ పార్కింగ్ కోసం, అంటే మనం స్విచ్ ఆపేసినా వైపర్ మధ్యలో ఆగకుండా కింద దాకా వచ్చి ఆగడానికి. అందులో ఒకటి కీ నుంచి నేరుగా వచ్చే ప్లస్, రెండోది స్విచ్‌కి వెళ్లే పార్క్ వైరు. గేరు చక్రం మీద రాగి పట్టీ ఉంటుంది. వైపర్ మధ్యలో ఉన్నంతసేపు అది పార్క్ వైరుని ప్లస్‌కి కలుపుతుంది, మోటార్ నడుస్తూనే ఉంటుంది. కిందికి రాగానే పార్క్ వైరుని ఎర్త్‌కి కలుపుతుంది, మోటార్ బ్రేకు వేసినట్టు ఆగుతుంది. నేను ఈ రెండు వైర్లనీ తారుమారు చేశాను. కాబట్టి మోటార్ పార్క్ స్థానానికి వచ్చిన ప్రతిసారీ కీ నుంచి వచ్చే ప్లస్ నేరుగా ఎర్త్‌కి తగిలింది. ఫ్యూజ్ బదులు ఎవరైనా రాగి తీగ చుట్టి ఉంటే వైర్లు కాలిపోయేవి. ఫ్యూజ్ పెట్టె మూత మీద రాసిన రేటింగ్ ఫ్యూజే వేయండి.

మీటరుతో కనిపెట్టే పద్ధతి, బండికి తగిలించకముందే:

1. లో బ్రష్ వైరుకీ ఎర్త్‌కీ బ్యాటరీ ఇచ్చి మోటార్ తిప్పండి, తీసేయండి. హై వైరుతో కూడా అలాగే. నెమ్మదిగా తిరిగేది లో. ఈ రెండూ తారుమారైతే ఫ్యూజ్ పోదు గానీ లోలో వేగంగా, హైలో నెమ్మదిగా తిరుగుతుంది.
2. మిగిలిన రెండు వైర్లను మీటరు బీప్ మోడ్‌లో (వైర్లు కలిసి ఉంటే మోగుతుంది) చూడండి. షాఫ్టు చుట్టులో ఎక్కువ భాగం ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి.
3. చేత్తో కాకుండా బ్యాటరీతోనే కొంచెం కొంచెం తిప్పుతూ పోతే ఒక చోట ఆ రెండూ విడిపోతాయి. అప్పుడు ఎర్త్‌తో కలిసేది ఏదో అదే పార్క్ వైరు. రెండోది ప్లస్.
4. ఒక్కో వైరుకీ కాగితం ముక్క కట్టి పేరు రాయండి.

పాత మోటార్ తోక (కనెక్టర్ ఉన్న వైర్ల కొస) కోసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవులు వేసి కలిపాను. నాలుగో ఫ్యూజ్ ఇప్పటికీ బాగుంది.

ఇప్పటిదాకా: ఫ్యూజులు 30, స్లీవులు, టంకం 90. మొత్తం రూ. 1530, 17 గంటలు.

దశ 6: జులై 6, శనివారం. క్రాంకు కోణం

ఇక్కడ ఒక తప్పుని దాచడానికి ఇంకో తప్పు చేశాను, అందుకే మూడున్నర గంటలు పట్టింది.

క్రాంకుని పాత మోటార్ నుంచి తీసి, కొత్తదానికి చేతికి వచ్చినట్టు బిగించాను. స్విచ్ ఆపితే వైపర్లు అద్దం మధ్యలో నిటారుగా ఆగాయి. సరే, చేతులే తీసి కింద పెట్టుకుందాం అనుకుని, మోటార్ ఆగిన స్థితిలో చేతుల్ని టేపు గుర్తు దగ్గరికి తెచ్చి బిగించాను. మళ్లీ ఆన్ చేస్తే డ్రైవర్ వైపు బ్లేడు అద్దం సగం దాకానే వెళ్లి, వెనక్కి వచ్చేటప్పుడు బానెట్ అంచుని దబ్‌మని కొట్టి గీకింది. వెంటనే కీ ఆపాను.

ఎందుకంటే స్పిండిల్ ఎంత దూరం ఊగాలో క్రాంకు పొడవు, స్పిండిల్ లింకుల పొడవు నిర్ణయిస్తాయి, అది మారదు. ఆ ఊపులో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది క్రాంకు కోణం. తప్పు క్రాంకులో ఉంటే చేతుల దగ్గర సరిచేయడం కుదరదు. సరైన వరస:

1. క్రాంకు లేకుండా మోటార్‌ని బండి కనెక్టర్‌కి తగిలించి, స్విచ్ ఆన్ చేసి ఆపండి. అది పార్క్‌లో ఆగుతుంది. ఇక షాఫ్టుని కదపకండి.
2. స్పిండిళ్లను వైపర్ కిందికి దిగే వైపు చివరికంటా తిప్పి పెట్టండి. అక్కడ క్రాంకూ లింక్ రాడ్డూ ఒకే గీతలోకి వస్తాయి.
3. క్రాంకుని ఆ గీతలో ఉంచి, దాన్ని స్పానర్‌తో గట్టిగా పట్టుకుని అప్పుడు నట్టు బిగించండి.
4. చేతులు బిగించకుండా ఒకసారి ఆన్, ఆఫ్ చేసి స్పిండిళ్లు చివర్లోనే ఆగుతున్నాయో చూడండి.
5. అప్పుడు చేతులు, టేపు గుర్తు దగ్గర. అద్దం తడిపి, లోలో మొదలుపెట్టండి.

ఇప్పటిదాకా: కొత్త ఖర్చు లేదు. మొత్తం రూ. 1530, 20 గంటల 30 నిమిషాలు.

దశ 7: జులై 7, ఆదివారం. బకెట్ నీళ్లు, తర్వాత వాన

పాత బ్లేడ్ల రబ్బరు చీలి ఉంది, కొత్త జత వేశాను. తమ్ముడు మగ్గుతో అద్దం మీద నీళ్లు పోస్తుంటే ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపాను. లోలో నిమిషానికి 44, హైలో 63. కరెంటు లోలో 3.2 యాంపియర్లు, మొదట్లో 7.8 ఉన్నది. ప్లస్ వైపు పోయే వోల్టులు కూడా 0.9 నుంచి 0.4కి దిగాయి, ఆ వైరుని నేను ముట్టుకోకపోయినా. కరెంటు తగ్గితే దారిలో పోయేదీ తగ్గుతుంది. మోటార్ వెచ్చగా ఉంది, అంతే.

స్పిండిళ్లు బాగుచేయకుండా ఈ మోటార్ ఒక్కటే బిగించి ఉంటే ఇదీ ఎనిమిది యాంపియర్లు లాగుతూ రెండో వానాకాలానికి అదే దారి పట్టేది. ఎవరైనా మోటార్ మార్చబోయే ముందు లింక్ ఊడదీసి, స్పిండిల్‌ని వేలితో తిప్పి చూడమని నా మనవి. అయిదు నిమిషాల పని.

సాయంత్రం మబ్బు పట్టింది. నాన్న చొక్కా వేసుకుని తాళాలు తీసుకున్నారు, నేను పక్కన కూర్చున్నాను. దుగ్గిరాల రోడ్డు మీద వాన దంచింది. హైలో పెట్టారు, కాసేపటికి లోకి దించారు, మళ్లీ హైలో పెట్టారు, ఏమీ మాట్లాడలేదు. పక్క సీటు వైపు అద్దం పైమూల ఒక అరచెయ్యంత మేర సన్నటి నీటి చార మిగులుతోంది. ఆ చేతి స్ప్రింగు వదులైందని నా అనుమానం, వచ్చే వారం త్రాసుతో రెండు చేతుల ఒత్తిడీ పోల్చి చూస్తా.

మొత్తం: బ్లేడ్లు 380 కలిపి రూ. 1910, 21 గంటల 30 నిమిషాలు. పాత మోటార్ పారేయలేదు, బ్రష్‌లు కొత్తవే కాబట్టి నైలాన్ చక్రం దొరికితే అదే స్పేర్ అవుతుంది. జాలీ కింద నీళ్ల బెజ్జంలోకి సన్న తీగ దూర్చి శుభ్రం చేశాను, మగ్గు నీళ్లు పోస్తే బండి టైరు వెనక నుంచి కారిపోతున్నాయి. బండి ఇంకా ఆ వేపచెట్టు కిందే ఉంది, వేరే నీడ లేదు మాకు. ఆదివారం ఆదివారం జాలీ ఎత్తి ఆకు తీసే పని నాన్న తన మీద వేసుకున్నారు.